బాబ్జీకి, పాచికల సంగతి

ఒరేయ్ బాబ్జీ,

ఫోన్‌లో చెబితే సగంలోనే అడ్డం పడతావు, అందుకే రాస్తున్నా. పాచిక వేసి గెలుపోటములు తేల్చే ఆ కంప్యూటర్ ఆట, బాల్డర్స్ గేట్ 3లో పాచికలు నీ మీద పగబట్టాయని మొన్న ఏడిచావు కదా, నేను నవ్వి ఊరుకున్నా. తీరా చూస్తే నీ మాటలో సగం నిజమే.

సెట్టింగుల్లో 'కార్మిక్ డైస్' అని ఒకటి ఉంది చూడు. మనం ముట్టుకోకపోయినా మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. వరసగా ఓడిపోతుంటే ఆట జాలిపడి తర్వాతి పాచికని కాస్త మనవైపు వంచుతుంది. పేరు కూడా చూడు, కర్మట! 20 ముఖాల పాచికలో 11 గానీ ఆపైన గానీ పడాలనుకో. వరసగా నాలుగుసార్లు తప్పడమన్నది 16కి ఒకసారి మామూలుగా జరిగేదే. కానీ ఆ నాలుగో దెబ్బకి మనం మౌస్ విసిరికొడతాం కదా, దానికే ఈ మందు.

చిక్కెక్కడంటే, ఆ జాలి శత్రువులకీ దక్కుతుంది. నువ్వేమో ఉన్న బంగారమంతా కవచానికీ డాలుకీ పోసి, దెబ్బ తగలని ఫైటర్‌ని తయారుచేశావు. ఎదురొచ్చే గాబ్లిన్లు, అదే ఆ చిన్న రాక్షసులు, గురి తప్పుతూనే ఉంటాయి. తప్పేకొద్దీ వాటి పాచికకీ సాయం అందుతుంది! అంటే నువ్వు పెట్టిన ఖర్చుకి ఆటే చిల్లు పెడుతోందన్నమాట. ఇది మాత్రం నాకు నచ్చలేదు.

ఇంతకంటే గడుసుది ఫైర్ ఎంబ్లెమ్ అనే యుద్ధాల ఆట. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రానికి 2002లో వచ్చిన దాంట్లో దెబ్బ తగులుతుందా లేదా అని తేల్చడానికి ఒక అంకె కాదు, రెండు అంకెలు చీటీల్లా తీసి సగటు చూసేవాళ్లు. దాంతో తెర మీద 90 శాతం అని కనిపిస్తే అసలు లెక్క 98 పైచిలుకు. 10 అని కనిపిస్తే నిజానికి 2. శత్రువుకీ ఇదే లెక్క, కానీ మన వాళ్ల గురి ఎక్కువ, తప్పించుకోవడమూ ఎక్కువ కాబట్టి లాభం మనకే. ఎన్నేళ్లు ఆడాన్రా దాన్ని! 'ఈ ఆట ఎంత న్యాయంగా ఉంటుందో' అని నీకే చెప్పా. మన మనసుకి 90 అంటే తప్పనే తప్పదు అని అర్థం, వాళ్లు అంకెని మన మనసుకి తగ్గట్టు దిద్దారు. 'సివిలైజేషన్' ఆటలు చేసిన సిడ్ మైయర్ 2010లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఇదే చెప్పాడు: మూడింతల బలం ఉండి ఓడితే ఆటగాళ్లు గొడవ చేసేవారట, మూడో వంతు బలంతో గెలిస్తే మాత్రం కిక్కురుమనేవారు కాదట.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అష్టాచెమ్మాలో నాకు కాయ దిగనప్పుడల్లా "గవ్వ ఒరిగిందిరా నాన్నా, మళ్లీ వెయ్యి" అనేది. తన గవ్వ ఒక్కసారి కూడా ఒరగలేదు. సంగతి మా పెద్దన్నయ్య బయటపెట్టిన రోజున రెండు రోజులు ఆట ముట్టలేదు నేను. గెలిపించినందుకు కాదురా ఏడుపు. అంతకుముందు పండిన కాయల్లో నావి ఎన్నో తెలియక.

అందుకే ఆబ్లివియన్ (2006) అనే ఆట మీద నాకంత కోపం లేదు. మనం ఎదిగేకొద్దీ దొంగలూ ఎదుగుతారు, ఒంటి మీద ఖరీదైన గ్లాస్ కవచం వేసుకుని దారికాచి వంద నాణేలు అడుగుతాడు వెర్రివెధవ! మోసమే, కానీ కళ్లెదుటే కనిపిస్తుంది, నవ్వుకుంటాం. సాయం చేస్తే చెయ్యనీ, తెర మీద వేసిన అంకె మాత్రం అంకెలాగే ఉండాలి.

నేను కార్మిక్ డైస్ ఆపేసి మూడు రోజులైంది. నిన్న రాత్రి ఒక్క పెట్టె తాళం దగ్గర ఉన్న పనిముట్లన్నీ విరగ్గొట్టుకున్నా. అయినా వెనక్కెళ్లి సేవ్ లోడ్ చెయ్యలేదు, ఒట్టు. సరే, ఒక్కసారి చేశా.

నువ్వూ ఆపేసి ఆ ఫైటర్‌నే గాబ్లిన్ల మధ్యకి తోలు. ఎన్ని దెబ్బలు తిన్నాడో లెక్కపెట్టి శనివారం రాత్రి ఫోన్ చెయ్యి.

నీ
రాంబాబు