చచ్చిన చేప కన్నా మీ మౌనమే ఎక్కువ కంపు కొడుతోంది

సంస్థ యజమాని గారికి,

విషయం: మీ ‘కస్టమర్ హ్యాపీనెస్ టీమ్’ నాకు కలిగించిన హ్యాపీనెస్ గురించి.

అయ్యా,

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఇంగ్లీషులో రాసినవన్నీ మీ వాళ్లు చదవకుండానే మూసేశారు. తెలుగులో రాస్తే ఏం చేయాలో తోచక అయినా మీ టేబుల్ మీదికి పంపిస్తారని ఆశ. మీరు చదివితే చాలు.

జరిగింది ఇది. జూలై ఎండల్లో నా ఉప్పునీటి అక్వేరియం కోసం మీ దగ్గర రెండు మాండరిన్ చేప పిల్లలు ఆర్డరు చేశాను. హేచరీలో పుట్టినవి, ఒక్కోటి బొటనవేలి గోరంత. వాటితోపాటు ఒక సీసా లైవ్ కోపెపాడ్లు, అంటే ఈ చేపలు తినే, రొయ్యల జాతికి చెందిన బుల్లి జీవులు. పెట్టె తెరిచేసరికి ఒక పిల్ల బ్యాగులోనే చచ్చి ఉంది, రెండోది కొన ఊపిరితో ఉంది, సీసా మూత తీస్తే కుళ్లిన పీతల వాసన. నా ట్యాంకు ఎన్ని గ్యాలన్లు, ఉప్పు ఎంత, లైట్లు ఏ కంపెనీవి అన్నది మీ ఫారంలో నింపాను, మళ్లీ ఇక్కడ రాయను. సీలు విప్పని బ్యాగులో చచ్చిన చేపకీ నా ట్యాంకు నీళ్లకీ సంబంధం ఏమిటో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు.

ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లకి ఒక చేప పోవడం కొత్తేమీ కాదు. ఆ రోజే ఎవరో ఒక మనిషి ‘అయ్యో, పొరపాటు జరిగిందమ్మా’ అని ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఇంకో ఆర్డరు పెట్టి ఊరుకునేదాన్ని. మా ఆయన కూడా అదే అన్నారు, ‘వదిలెయ్, కొత్తది కొనుక్కో’ అని. వదిలేద్దామనే అనుకున్నాను. వదలనివ్వనిది మీ వాళ్లే.

మీ గ్యారంటీ ప్రకారం చచ్చిన చేపని బ్యాగు విప్పకుండా, పార్సిల్ అందిన రెండు గంటల్లోపు ఫొటో తీసి పంపాలి. తీశాను, పంపాను. ‘మీ ఆనందమే మా ఆనందం’ అని ఆటోమేటిక్ మెయిలు వచ్చింది. ఆ తర్వాత చాట్‌లోకి ఒక అమ్మాయి వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ‘మాండరిన్లు బిడియం ఉన్న చేపలండీ, రాళ్ల కింద, ఇసుకలో దాక్కుంటాయి. లైట్లు ఆర్పాక టార్చి వేసి వెతకండి. రేపటికి బయటికి వస్తుంది’ అంది. అమ్మా, అది ట్యాంకులో లేదు, బ్యాగులో ఉంది, బ్యాగు నా చేతిలో ఉంది అని రాశాను. ‘అర్థమైంది. అయినా ఒకసారి రాళ్ల వెనక చూశారా?’ అని అడిగింది.

ఆవిడ పంపితే ఇంకొకాయన వచ్చాడు. ఫొటోలో చేప సైజు తెలియడం లేదు, పక్కన ఏదైనా నాణెం పెట్టి మళ్లీ తీయమన్నాడు. బ్యాగు పక్కన క్వార్టర్ పెట్టి తీశాను. మీరు అమ్మిన పిల్ల ఆ క్వార్టర్ కన్నా చిన్నది. జిగురు తేలి మసకబారిన నీళ్లలో, ఒక పక్కకి ఒరిగి, రెక్కలు విచ్చుకుని ఉంది. ఆయన జవాబు: ‘నాణెం స్పష్టంగా ఉంది, చేప స్పష్టంగా లేదు.’

మూడో మనిషి అసలైన పండితుడు. మా కేటలాగులో మాండరిన్ మీద నీలం, నారింజ, ఆకుపచ్చ గీతలు మెరుస్తుంటాయి, మీ ఫొటోలోది వెలిసిపోయినట్టుంది, అది మేం పంపిన చేపేనని గ్యారంటీ ఏమిటి అని రాశాడు. అంటే నేను ఇంకెక్కడో గోరంత మాండరిన్ పిల్లని సంపాదించి, దాన్ని చంపి, మీ లేబులున్న బ్యాగులో పెట్టి సీలు వేశానన్నమాట. కేటలాగు ఫొటో ఎదిగిన మగచేపదని, అంత చిన్న పిల్లలకి రంగులు ఇంకా పూర్తిగా దిద్దుకోవని మీ వెబ్‌సైటులోనే రాసి ఉంది. మీ వాళ్లు మీ సైటు కూడా చదవరా?

ఫోన్ చేశాను. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అన్న గొంతు ఇప్పుడు మా పాపకి కూడా కంఠతా వచ్చేసింది, బొమ్మలతో ఆడుకుంటూ అదే అంటోంది. చివరికి ఎత్తిన పెద్దమనిషి ఇది కొరియర్ వాళ్ల తప్పు, వాళ్లనే అడగండి అన్నాడు. కొరియర్‌కి చేస్తే, క్లెయిమ్ పెట్టాల్సింది పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు కాదు అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. తిరిగి మీకు ఫోన్ చేస్తే టికెట్ క్లోజ్ అయింది, కొత్తది తెరవమన్నారు. కొత్తది తెరిస్తే ‘రెండు గంటల గడువు దాటిపోయింది’ అని దాన్నీ క్లోజ్ చేశారు. పాత టికెట్‌లో ఫొటోలు ఉన్నాయి చూడండయ్యా అంటే, ‘క్లోజ్ అయిన టికెట్ మేం చూడలేం’ అన్నారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. టికెట్లు మూయడం మా బతుకు. సమస్య తీరకుండా ‘రిజాల్వ్‌డ్’ అని పెడితే మా దగ్గర మేనేజర్ నిలబెట్టి అడుగుతాడు. మీ దగ్గర బహుశా బోనస్ ఇస్తారు.

సీసా సంగతి వేరే కథ. కోపెపాడ్లు చచ్చి కుళ్లాయని రాస్తే, ‘మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, అవి చలికి నిద్రపోతాయి, మళ్లీ చురుగ్గా అవుతాయి’ అని సలహా ఇచ్చారు. బతికున్నవాటిని ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తాయని నాకూ తెలుసు. చచ్చినవి లేస్తాయా? యముడి వెంటపడ్డ సావిత్రి కూడా ఫ్రిజ్ వాడలేదండీ.

ఇక అసలు విషయం. నా కడుపు మండింది ఇక్కడ.

రెండో పిల్ల బతికి ఉంది. మీకు తెలియనిది కాదు, సముద్రంలో మాండరిన్ పొద్దస్తమానం రాళ్ల మీద తిరుగుతూ ఒక్కో కోపెపాడ్‌నీ ఏరుకుని తింటుంది. నోరు చిన్నది, తిండి ఆగితే త్వరగా చిక్కిపోతుంది. పట్టి తెచ్చిన చేపలు ట్యాంకుల్లో చాలావరకు ఆకలితోనే చస్తాయి. దుకాణాల్లో చూస్తుంటాం కదా, పైన రంగులు ధగధగలాడుతుంటాయి, కింద పొట్ట లోపలికి గుంట పడి ఉంటుంది. అందుకే కదా ఫ్లోరిడాలో ఓఆర్ఏ అనే చేపల పెంపకం కంపెనీ వాళ్లు 2010లో హేచరీలో పెంచిన మాండరిన్లు అమ్మకానికి తెస్తే రీఫ్ ట్యాంకులు, అంటే పగడాలు పెంచే అక్వేరియంలు ఉన్నవాళ్లంతా సంబరపడింది. హేచరీ పిల్లకి చిన్నప్పటి నుంచి మనం పెట్టే తిండి అలవాటై ఉంటుంది. కాకపోతే ఏ తిండి అలవాటైందో, ఇంటికి తెచ్చాక కొన్నాళ్లు అదే పెట్టాలి. ఇల్లు మారి, నీళ్లు మారి, తిండి కూడా మారితే గోరంత ప్రాణి ఎన్ని పూటలు తట్టుకుంటుంది?

అందుకని మొదటి మెయిలు నుంచీ ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను. మీ హేచరీలో వీటికి ఏం పెట్టేవారు? ఫ్రోజెన్ సైక్లోప్సా, చేప గుడ్లా, గుళికలా, గుళికలైతే ఏ సైజు? ఇంతే. డబ్బులు అడగలేదు.

ఒకరు ‘నాణ్యమైన ఆహారం’ అన్నారు. ఒకరు మా బ్లాగ్ చదవండి అన్నారు. చదివాను, అందులోనూ నాణ్యమైన ఆహారం అనే ఉంది. ఇంకొకరు అది కంపెనీ రహస్యం, బయటికి చెప్పడానికి లేదు అన్నారు. ఏమండీ, మీరేమైనా అణుబాంబు తయారు చేస్తున్నారా? చేపకి పెట్టే మేత!

చివరికి కాకినాడ దగ్గర రొయ్యల హేచరీలో పని చేసే మా బాబాయికి వాట్సాప్ కాల్ చేశాను. ఆయన జన్మలో మాండరిన్ చేపని చూడలేదు. ఫోన్లో చూపిస్తే ‘ఇదేంటే, పట్టుచీర కట్టుకున్న చేపలా ఉంది’ అన్నాడు. అయినా రెండు నిమిషాల్లో దారి చూపించాడు. ‘ఆర్టీమియా పొదగెయ్యమ్మాయ్, అదే, మేతకి వాడే బుల్లి ఉప్పునీటి రొయ్యలు. ఉప్పునీళ్లలో గుడ్లు వేసి గాలి పెట్టు, ఒక రోజులో పిల్లలు వస్తాయి. మంచినీళ్లతో కడిగి వెంటనే వేసెయ్, ఆలస్యం చేస్తే వాటి ఒంట్లో పస ఉండదు’ అన్నాడు. ఆ తర్వాత ఒక మాట అన్నాడు, అది మీరు వినాలి: ‘మా దగ్గర రొయ్య పిల్లల సీడ్ కొనే రైతు మేత ఏంటని అడిగితే చెప్పకుండా పంపిస్తామా? చెప్పకపోతే మళ్లీ గేటు దాకా వస్తాడా?’

ఇప్పుడు మా వంటింటి గట్టు మీద కాఫీ ఫిల్టరు పక్కనే రెండు సోడా సీసాలు బుడగలు వేస్తూ ఉంటాయి. ట్యాంకులో ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె తగిలించి పిల్లని అందులో ఉంచాను, మిగతా చేపలు తిండి లాక్కోకుండా. పిపెట్‌తో ఆర్టీమియా వదిలితే అది కింది రెక్కల మీద నడిచినట్టుగా ముందుకొచ్చి, ఆగి, తల కొంచెం వంచి, ఒక్కోదాన్ని చూసుకుని మరీ టుక్కున అందుకుంటుంది. పొట్ట కొద్దిగా నారింజ రంగుకి తిరిగాక ఆపుతాను. ఆఫీసు మీటింగుల మధ్య ఈ పని. పొద్దున లేవగానే ముందు దాని పొట్ట చూసి, తర్వాతే ఫోన్ చూస్తున్నాను. దానికి గుంట పడితే ఆ రోజంతా నాకు టెన్షన్. ఈ టెన్షన్‌ని మీ కంపెనీ ఒక్క వాక్యంతో తీర్చగలిగేది.

మీకు నేను కొత్త కస్టమర్ని కాదు. మీరు సైటు మొదలుపెట్టిన కొత్తలో, రివ్యూలు ఒకటో రెండో ఉన్నప్పుడు, నమ్మి కొన్నవాళ్లలో నేనొకదాన్ని. నా క్లౌన్ చేపల జంట మీదే, ఉప్పు మీదే, టెస్ట్ కిట్లు మీవే. డాలస్ ఉగాది సంబరాల్లో మీరు స్టాలు పెట్టి, ‘మేం సముద్రంలో పట్టిన మాండరిన్లు అమ్మం, హేచరీవే అమ్ముతాం’ అని మైకులో చెప్తుంటే, మనవాడు ఎంత మంచి పని చేస్తున్నాడు అని పక్కవాళ్లకి చూపించి మరీ చెప్పాను. ఫిలిప్పీన్స్‌లో వీటిని సూదంత బాణాలతో పొడిచి పట్టేవాళ్లు ఉన్నారని నాకు తెలిసింది కూడా ఆ రోజు మీ నోటి వెంటే. ఆ మాట మనసులో పడే, ఊళ్లో దుకాణంలో పట్టిన చేప సగం ధరకే వస్తున్నా కొనలేదు. ఆ రోజు నా చేతిలో విజిటింగ్ కార్డు పెట్టి ‘ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా నాకే చెప్పండమ్మా’ అన్నారు. కార్డు మీద నంబరుకి చేస్తే ఎవరెత్తారో తెలుసా? ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం.’ ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

నా మాట విని మీ దగ్గర కొన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఇప్పుడు ఏం చెప్పాలో మీరే చెప్పండి. మొన్న ఒకావిడ మాండరిన్ తీసుకుందామనుకుంటున్నా, ఎలా ఉంది వాళ్ల సర్వీసు అని అడిగితే, చేప బాగుంటుంది, నోరు ఉన్నది చేపకే అన్నాను.

ఇంత జరిగాక నిన్న మీ దగ్గర నుంచి ఒక మెయిలు వచ్చింది. ఎంత సంబరంగా తెరిచానో! ‘మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని సర్వే. సున్నా పెట్టే వీలు లేదు. కింద కామెంటు రాస్తే ‘అక్షరాలు ఎక్కువయ్యాయి’ అని తిప్పికొట్టింది. దాంతోపాటు ‘సద్భావనగా’ పది డాలర్ల కూపన్, యాభై దాటిన ఆర్డరుకే, షిప్పింగ్ నాదే, బతికున్న జీవాలకి వర్తించదట. చచ్చినవాటికి వర్తిస్తుందా అని అడుగుదామనుకున్నాను, టికెట్ తెరవాలంటే భయమేసి ఊరుకున్నాను.

నాకేం కావాలో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మొదట్లో అయితే మేత పేరు, ఒక క్షమాపణ చాలు అనుకున్నాను. ఇప్పుడు ఆ రెండూ కావాలి, చేప డబ్బులు, సీసా డబ్బులు, షిప్పింగ్‌తో సహా నా కార్డుకి వెనక్కి రావాలి, కూపన్ రూపంలో కాదు. ఆ మూడో పండితుడు ఎవరో నాతో ఫోన్లో మాట్లాడాలి, నా చేప నకిలీదన్న మాట నా చెవిన పడేలా వెనక్కి తీసుకోవాలి. ఈ శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తాను. మీ కంపెనీ కూడా టెక్సస్‌లోనే ఉంది కాబట్టి అటార్నీ జనరల్ ఆఫీసుకి వినియోగదారుల ఫిర్యాదు కూడా వెళ్తుంది. ఫారం నింపి సిద్ధంగా పెట్టుకున్నాను, మీ వాళ్లతో జరిగిన చాట్లన్నీ దానికి జతచేసి. వాళ్లు చదువుతారు. వచ్చే ఉగాదికి మీరు మళ్లీ స్టాలు పెడితే నేను కూడా పక్కనే నిలబడి నా అనుభవం చెప్పుకుంటాను. నా గొంతుకి మైకు అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్
(ఆర్డరు నంబరు మీ దగ్గర మూసేసిన ప్రతి టికెట్‌లోనూ ఉంది)

తా.క.: చచ్చిన పిల్ల మీరు పంపిన బ్యాగులోనే, సీలు విప్పకుండా, మా ఫ్రీజర్‌లో బఠానీల ప్యాకెట్ వెనక ఉంది. మీ వాళ్లకి ఇంకా అనుమానంగా ఉంటే పార్సిల్ చేస్తాను. అందగానే పక్కన నాణెం పెట్టి, రెండు గంటల్లోపు, స్పష్టంగా ఫొటో తీసి నాకు పంపమనండి. ఆలస్యమైతే నేను బాధ్యురాలిని కాను.