ఎంఎస్ నీరసానికి మాటల చికిత్స
అందరికీ నమస్కారం. ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాములోని నరాలు దెబ్బతినే జబ్బు. ఇది ఉన్నవాళ్లకి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) మామూలుగా 6 నుంచి 12 సెషన్లు, ఒక్కోటి 50 నిమిషాలు. నరాల దెబ్బని బాగుచేయదు గానీ నీరసానికీ దిగులుకీ బాగా పనికొస్తుంది. మందులు మాత్రం ఆపొద్దు.

మొదటి వారం డైరీ రాయండి: ఏ పూట ఏం చేశారు, నీరసం 10కి ఎంత. చాలామంది దెబ్బతినేది ఒక్కచోటే. ఒంట్లో బాగున్న రోజు ఇల్లంతా సర్దేసి, ఆపై రెండ్రోజులు మంచం దిగలేరు. అందుకే ఓపికున్నా సరే 20 నిమిషాలు పని, 10 నిమిషాలు విశ్రాంతి. కూరలు కూర్చునే తరగండి.

సెషన్ పొద్దున్నే, చల్లటి గదిలో పెట్టుకోండి. ఒళ్లు వేడెక్కితే బుర్ర మొద్దుబారుతుంది. 50 నిమిషాలు కష్టమైతే 25 చొప్పున రెండుసార్లు అడగండి, మొహమాటం వద్దు. అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డు చేసుకోండి, మర్చిపోవడం ఈ జబ్బులో మామూలే.

చనిపోవాలనిపిస్తే తర్వాతి సెషన్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి: 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.