మాజీ అధ్యక్షుడు మామూలు సభ్యుడైతే తప్పా?

సంపాదకులకు,

ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్లో, ఒకప్పుడు మండలాధ్యక్షుడిగా చేసినాయన ఈసారి వార్డు మెంబరుకు నిలబడతానన్నాడు. టీ అంగడి దగ్గర ఒకటే నవ్వులు. "ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టుందబ్బా" అన్నాడొకాయన.

సోషల్ టీచరుగా రిటైరైన నాకు జాన్ క్విన్సీ ఆడమ్స్ గుర్తొచ్చాడు. తండ్రీ కొడుకులిద్దరూ అమెరికా అధ్యక్షులే. 1828 ఎన్నికల్లో ఆండ్రూ జాక్సన్ చేతిలో ఓడాక ఈయన ఇంట్లో కూర్చోలేదు. మసాచుసెట్స్ నుంచి ప్రతినిధుల సభకు మామూలు సభ్యుడిగా వెళ్లి, 1831 నుంచి చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. బానిసత్వం వద్దని జనం పంపే అర్జీలను చర్చించకుండా పక్కన పడేయాలని 1836లో సభ రూలు పెట్టుకుంది. ఈ ముసలాయన ఊరుకుంటేనా! అరుపులు, అభిశంసన బెదిరింపులు, అన్నీ ఓర్చుకుని 1844లో ఆ రూలు ఎత్తేయించాడు. 1848 ఫిబ్రవరి 21న సభలో తన సీట్లోనే కుప్పకూలాడు. అప్పటికి 80 ఏళ్లు. రెండు రోజులకు ఆ భవనంలోనే, స్పీకర్ గదిలో కన్నుమూశాడు.

మా మాజీ అధ్యక్షుడేమీ ఆడమ్స్ కాడు లెండి. ఆయన హయాంలో మొదలైన మా వీధి కాలువ సగంలోనే ఆగింది. ఓటడగడానికి వస్తే ముందు దాని సంగతే అడుగుతా.

– ఒక రిటైర్డ్ టీచరు, కడప జిల్లా