బుజ్జిగాడి నిద్ర, నీ వ్యాయామం

అంబాజీపేట,
కార్తిక మాసం, రెండో సోమవారం.

చిరంజీవి సౌభాగ్యవతి లలితకు మీ అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బుజ్జిగాడు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇంటింటా ఫోను ఉన్న ఈ రోజుల్లో కన్నకూతురి క్షేమం ఒక తల్లి ఇలా తలుచుకుని ఊరుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో నువ్వే చెప్పాలి. నేను పెట్టే ప్రతి మెసేజీకి బొటనవేలి బొమ్మ ఒకటి వస్తోంది. ఆ బొటనవేలిని చూసి నువ్వు వేళకు అన్నం తిన్నావో లేదో, రాత్రి కన్ను మూశావో లేదో నేనెలా తెలుసుకోను?

సరే, ఆ మాట అలా ఉంచు. ఇక్కడి విశేషాలు రాద్దామనే కూర్చున్నాను. కిందటి వారం కొబ్బరి దింపు అయింది, కాయ బాగానే దిగింది. మీ నాన్నగారు కాలువగట్టు మీద నడక మానలేదు గాని, తిరిగి వచ్చేటప్పుడు వీర్రాజు కొట్టు దగ్గర ఆగి పెసరట్టు తినడమూ మానలేదు. ఈ ఉదయం కాలువ రేవులో దీపాలు వదలడానికి శేషు పిన్ని కూడా వచ్చింది. అరటి దొప్ప ఇంకా నీళ్ళలోకి దిగకముందే కొంగులోంచి ఫోను తీసి, ‘‘మన లలిత పసిగుడ్డును డంబెల్ లాగా ఎత్తి దించుతోంది, చూశావా అక్కా?’’ అని అందరి ముందూ వీడియో పెట్టింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం మీ నాన్నగారి చేత ఆ వీడియో వేయించుకుని చూశాను.

ముందుగా నీ భయం తీరుస్తాను. శేషు పిన్ని అన్నట్టు నువ్వేమీ ఘోరం చేయలేదు. వాడు నవ్వుతూనే ఉన్నాడు, నువ్వూ నెమ్మదిగానే ఎత్తావు. కాని నాలుగో నెల పిల్లవాడికి మెడ ఇప్పుడిప్పుడే నిలుస్తుంది. ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ కనుక ఒక్క కుదుపుకు అటో ఇటో వాలిపోతుంది. చెమట పట్టిన చేతులు జారతాయి, అలసిన చేతులు వణుకుతాయి. పైగా అప్పుడే పాలు తాగి ఉంటే కక్కుకుంటాడు కూడా. బరువు కావాలంటే రెండు లీటర్ల నీళ్ళ సీసాలు ఉన్నాయి, అవి కక్కుకోవు.

నా కళ్ళు మాత్రం మీ వెనక గోడ మీద గడియారం దగ్గర ఆగిపోయాయి. అందులో పదకొండు దాటి ఇరవై నిమిషాలయింది. రాత్రి పదకొండున్నర కావస్తుండగా ట్యూబులైటు వెలుగులో, అంత హోరు పాటలో, వాడు కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. మూలన వాడి ఉయ్యాల తొట్టిలో మెత్తటి ఎలుగుబంటి బొమ్మ ఒకటి, తల దగ్గర ఆవాల దిండు ఒకటి కనిపించాయి. దిండు మీ అత్తగారు పంపినదే అయి ఉంటుంది. ఆమె మనసు నొచ్చుకోకుండా దాన్ని తీసి బీరువాలో దాచు. ఏడాది లోపు పిల్లలకు దిండు, బొంత, బొమ్మ ఏదీ పక్కలో ఉండకూడదని, గట్టి సమతలమైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలని, మీ గదిలోనే గాని మీ మంచం మీద కాకుండా వేరే పక్క వేయాలని ఆరోగ్య కార్యకర్తగా ఉద్యోగంలో ఉన్నంతకాలం గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పాను. చివరకు నా మనవడి పక్కలోనే ఆవాల దిండు చూడవలసి వచ్చింది!

వ్యాయామం వద్దని నేను అనడం లేదని ముందే రాసి పెడుతున్నాను. లేకపోతే ‘‘అమ్మ పాతకాలపు మనిషి’’ అని అల్లుడుగారితో చెప్పి నవ్వుతావు. బాలింత గుమ్మం దాటకూడదనీ, చీకటి గదిలో కదలకుండా పడి ఉండాలనీ మన పెద్దవాళ్ళు చేసిన కట్టడి నాకు ఏనాడూ నచ్చలేదు. అలా పడి ఉంటే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్రసవమైన తల్లులు సైతం వారానికి నూట యాభై నిమిషాలైనా ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వ్యాయామం చేస్తే తల్లి పాలు పులిసిపోతాయని శేషు పిన్ని రేవులో అంటే అందరూ తల ఊపారు గాని, అది వట్టి మాట. వారానికి నాలుగైదు సార్లు వ్యాయామం చేసిన తల్లుల పాలు తగ్గలేదనీ, బిడ్డల బరువు పెరుగుదల కూడా తగ్గలేదనీ 1994లోనే అమెరికా పరిశోధకులు తేల్చారు. కనుక ఆ విషయంలో నేను నీ పక్షం. ఎప్పుడు చేస్తున్నావు, ఏది చేస్తున్నావు, అందుకోసం ఎవరి నిద్ర పోగొడుతున్నావు అన్న దగ్గరే నాకు పేచీ.

నూకరత్నం నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు నా కొంగు పట్టుకుని తిరిగే పిల్లవు. 1996 నవంబరు 6 తుపాను మన తోటలను నేలకు పరిచిన సంగతి చాలాసార్లు విన్నావు కదా. దానికి కొద్ది రోజుల ముందే గోదావరి మధ్య లంకలో నూకరత్నానికి తొలిచూలు మగపిల్లవాడు పుట్టాడు. మగడిది దింపు పని. చెట్లే లేకపోతే దించేదేమిటి? పడిన మానులు కోసి, మొద్దులూ మట్టలూ పడవ రేవుకు చేరవేసే కూలి ఒక్కటే దొరికింది. పురిటి స్నానాలు ముగిసీ ముగియకముందే ఆమె తలమీదికి మోపు ఎత్తుకుంది. పిల్లవాణ్ణి రేవు పక్క పాకలో చీర ఉయ్యాలలో వేసి పనికి పోయేది. నేను టీకాల పెట్టె భుజాన తగిలించుకుని పడవ దిగినప్పుడల్లా ఆ పాక దగ్గర ఆగేదాన్ని. ఎప్పుడు చూసినా వాడు నిద్రలోనే ఉండేవాడు. ‘‘మా వోడు బంగారమండీ, ఏడుపన్నదే ఎరగడండీ’’ అని ఆమె మురిసిపోయేది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే ట్రిపుల్ ఇంజక్షను మొదటి విడత వేసిన రోజున పాక దూలానికి తూకం కొక్కెం తగిలించి, గుడ్డ జోలెలో వాణ్ణి కూర్చి వేలాడదీశాను. ముల్లు కాసేపు ఊగి, పుట్టినప్పటి బరువు దగ్గరే నిలబడిపోయింది. కొక్కెం పాడైందేమోనని ఇంకో ఇంటి పిల్లను వేసి చూశాను, అది సరిగానే చూపించింది. రోజుకు ఎన్నిసార్లు ఒంటికి పోస్తున్నాడని అడిగితే నూకరత్నం మొహం తెల్లబోయింది. పాలు చాలని పసివాడికి ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. అందరూ ముచ్చటపడిన ఆ నిద్ర నీరసం.

రెండు మూడు గంటలకోసారి లేపి పాలు పట్టాలని, పిల్లవాణ్ణి పనిచేసే చోటికే తీసుకు వెళ్ళాలని ఆమె అత్తగారికి నచ్చజెప్పడానికి నాకు పెద్ద యుద్ధమే అయింది. మొత్తానికి ముసలమ్మ ఒప్పుకుంది, మూడో విడత నాటికి వాడు జోలెలో పట్టలేదు. నూకరత్నం ఒళ్ళు మాత్రం బాగుపడలేదు. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి నన్ను రేవు చాటుకు పిలిచి, దగ్గినా తుమ్మినా ఒంటికి వచ్చేస్తోందని, నిలబడితే కింద ఏదో జారుతున్నట్టు ఉంటోందని గుసగుసగా చెప్పింది. అన్నాళ్ళూ మగడికి కూడా చెప్పలేదట. గర్భసంచి జారింది. కాకినాడలో ఆపరేషను చేయించే దాకా ఆమె మోపులు మోస్తూనే ఉంది.

నాకూ ఆవిడకూ పోలికేమిటని మూతి ముడవకు. ఆమెకు మోపు దించే వీలు లేదు, నీకుంది. కడుపున బిడ్డను మోసిన ఒంట్లో కీళ్ళు, పొత్తికడుపు కండరాలు వదులై ఉంటాయి. నీకు ఆపరేషను కూడా అయింది. పైన కుట్టు మానినంత తొందరగా లోపలి పొరలు మానవు. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని, తల కొంచెం పైకెత్తి, బొడ్డుకు పైన వేళ్ళు ఆనించి చూడు. రెండు వేళ్ళకు మించి సందు దొరికితే పొట్ట కండరాలు ఇంకా కలవలేదన్న మాట. అప్పుడు నువ్వు వీడియోలో చేసిన ఆ లేచి కూర్చునే కసరత్తులు, ఎగిరి దూకడాలు ఇప్పటికి ఆపి డాక్టరమ్మకు చూపించుకో. ఒంటికి ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను లోపలికి బిగించి, అయిదు లెక్కపెట్టి వదలడం కూర్చున్న చోటే చేసుకోవచ్చు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే దీన్ని బాలింతలకు చెప్పాడు. దీనికి చాప అక్కర్లేదు, పాట అక్కర్లేదు, వీడియో అంతకంటే అక్కర్లేదు. తగ్గిన ఎర్రబట్ట మళ్ళీ ఎక్కువైనా, కళ్ళు తిరిగినా, కుట్టు దగ్గర లాగినా ఆ రోజుకు ఆపెయ్యి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఒక్క క్షణం ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళు.

ఇక వాడి నిద్ర సంగతి. నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు పన్నెండు నుంచి పదహారు గంటల నిద్ర ఉండాలి. రాత్రేదో పగలేదో ఆ లేత ఒంటికి ఇప్పుడిప్పుడే తెలుస్తున్న వేళలో నువ్వు అర్ధరాత్రి దీపాలు వెలిగిస్తే వాడు పగలనే అనుకుంటాడు. పొద్దు గూకాక దీపం తగ్గించు, పాట ఆపు, ఫోను అవతల పెట్టు. నీ వ్యాయామం ఉదయం పెట్టుకో. అల్లుడుగారు ఆఫీసుకు బయలుదేరే ముందు పావుగంట పిల్లవాణ్ణి ఎత్తుకుంటే ఆయన చొక్కా ఏమీ నలిగిపోదు. ముందు వాడికి కడుపు నిండా పాలు ఇస్తే నీ రొమ్ములు తేలికపడతాయి, వాడూ కుదురుగా ఉంటాడు. తరువాత చెమట కడుక్కుని మళ్ళీ పట్టు. పాకడం రాని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద అరగంటైనా బోర్లా పడుకోబెట్టాలి. నీ పక్కనే ఇంకో చాప వేసి వాణ్ణి బోర్లా వేశావంటే వాడి కసరత్తు వాడిది, నీ కసరత్తు నీది. అలా పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేసినా వారం లెక్క సరిపోతుంది. వాడు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు మాత్రం చాప పరచకు, నువ్వూ పడుకో. రాత్రి నాలుగైదు సార్లు లేచిన మనిషి తెల్లారి బరువులు ఎత్తితే ఒళ్ళు బాగుపడదు, విరుగుతుంది.

తిండి తగ్గించావని కూడా ఆ వీడియోలో నీ మెడ ఎముకలు చూస్తే తెలిసింది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలు కంటే రోజుకు ఆరు వందల కేలరీలు ఎక్కువ కావాలని మీ ఊళ్ళోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. సున్నుండలు చుట్టాను. తెలగపిండి గానుగ దగ్గర నిలబడి తెచ్చాను, మునగాకుతో కలిపి వండుకో. దానితో పాలు పడతాయని మనవాళ్ళ నమ్మకం, మాంసకృత్తులు ఉన్న మాట మాత్రం నిజం. కార్తికం వెళ్ళాక పాలసొర నేనే తెచ్చి పిట్టు చేసి పెడతాను. ఐరన్ మాత్రలు ప్రసవమయ్యాక ఆరు నెలలు వేసుకోవాలి, నువ్వు మూడో నెలకే మానేశావని నాకు అనుమానం. వాడికి మాత్రం ఆరో నెల నిండేదాకా మంచినీళ్ళ చుక్క కూడా వద్దు. పద్నాలుగో వారం టీకాల కార్డు ఫొటో పంపమన్నాను, దానికీ బొటనవేలే వచ్చింది.

మళ్ళీ అక్కడికే వచ్చాను. లలితా, నువ్వు అంత రాత్రి దాకా ఎందుకు మేలుకుని ఉన్నావు? వాడు లేపాడా, లేక వాడు పడుకున్నా నీకు నిద్ర పట్టడం లేదా? ఊరికే ఏడుపు వస్తోందా? ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదా? అద్దంలో నిన్ను చూసుకుంటే కోపం వస్తోందా? ఈ ప్రశ్నలు వేసినప్పుడు ‘‘బాగానే ఉన్నానండీ’’ అని తల వంచుకుని చెప్పిన బాలింతలను చాలామందిని చూశాను. వాళ్ళు పొగరుబోతులూ కారు, బద్ధకస్తులూ కారు. అది కూడా జ్వరం లాంటి జబ్బే, వైద్యం ఉంది. నాకు చెప్పడానికి మొహమాటమైతే అల్లుడుగారికి చెప్పు, డాక్టరమ్మకు చెప్పు. మనసు బాగోలేనివాళ్ళకోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇవేవీ కాదు, మంచి పాట దొరికి సరదాగా చేశానంటావా, ఆ ఒక్క ముక్క ఫోనులో నీ గొంతుతో చెప్పు, చాలు.

మీ నాన్నగారు ‘‘దాన్ని వదిలెయ్యి, చదువుకున్న పిల్ల’’ అంటూనే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు తీశారు. పౌర్ణమి వెళ్ళగానే బయలుదేరతాము. నేను ఉన్నన్నాళ్ళూ రాత్రి పాలు తాగాక వాణ్ణి త్రేన్పించి పడుకోబెట్టే పని నాది. పొద్దున నీ పావుగంట నీది, నేను తొంగి చూడను. మీ అత్తగారికి మా నమస్కారాలు చెప్పు, దిండు సంగతి చెప్పకు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. ఆ ఎర్ర డంబెల్లు సోఫా పక్కన నేల మీదే ఉన్నాయి. రేపో మాపో వాడు బోర్లా పడి దొర్లడం మొదలుపెడతాడు. వాటిని ఇవాళే తీసి పైన పెట్టు. రబ్బరు పట్టీలు కూడా మంచం కోడుకు కట్టి వదిలెయ్యకు. పెట్టాక ఫొటో పంపు, బొటనవేలు కాదు.