శ్రీనుకి: పసుపు మంచిదే, మాత్ర మానకు

ఒరేయ్ శ్రీనూ,

మలంలో రక్తం పడటం తగ్గింది కాబట్టి మాత్రలు ఆపేసి పసుపు, కలబంద రసంతో నెట్టుకొస్తానన్నావు. నిన్నటి నుంచి నాకు అదే టెన్షన్. పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే ఈ అల్సరేటివ్ కొలైటిస్ నాకూ ఏళ్లుగా ఉంది, అందుకే చెబుతున్నా: ఆ పని మాత్రం చెయ్యకు.

పసుపు మీద నాకూ గురి ఉంది. 2006లో జపాన్ డాక్టర్లు జబ్బు అణిగి ఉన్న 89 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఆర్నెల్లపాటు పసుపులో ఉండే అసలు పదార్థం కర్కుమిన్‌ని రోజుకు 2 గ్రాములు ఇచ్చారు. అది వేసుకున్నవాళ్లలో నూటికి 5 మందికి జబ్బు తిరగబెడితే, ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్లలో నూటికి 20 మందికి తిరగబెట్టింది. కానీ రెండు జట్లవాళ్లూ మామూలు మాత్రలు వేసుకుంటూనే ఉన్నార్రా! పైగా మన పోపులపెట్టెలో పసుపులో కర్కుమిన్ నూటికి 3 వంతులే. పాలలో చెంచాడు వేసుకుంటే వంద మిల్లీగ్రాములు కూడా రాదు. అలాగని పెద్ద డోసు క్యాప్సూల్స్ కొనుక్కుని మింగేయకు, వాటితో కొందరికి లివర్ దెబ్బతింది. మీ డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టు. కలబంద సంగతికొస్తే, ఆకు కోయగానే తొక్క కింద నుంచి పసుపుపచ్చగా, చేదుగా కారే జిగురు ఉంటుంది చూడు, అది విరేచనాలు పట్టిస్తుంది. అసలే సగం రాత్రి బాత్రూమ్‌లో గడిపే మనకి అదెందుకు?

తిండితో మేలు లేదనడం లేదు. జబ్బు ఎగదన్నినప్పుడు నన్ను నిలబెట్టింది మెత్తటి అన్నం, పెసరకట్టు, చెక్కు తీసి గింజలు తీసేసి మెత్తగా ఉడికించిన బీరకాయ, బాగా మగ్గిన అరటిపండు. అప్పుడు పచ్చి కూరముక్కలు, వేరుశనగలు, కారం పచ్చళ్లు పక్కన పెట్టేస్తాను. నాకు పాలు పడవు, పెరుగు మాత్రం హాయిగా పడుతుంది. నీకెలా ఉంటుందో తిని చూసి ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఒక్కో రోజు ఒక్కో కొత్త వస్తువే కలుపు, నాలుగూ ఒకేసారి తింటే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది?

కడుపు కుదుటపడ్డాక కూడా పెరుగన్నం మీదే బతక్కు. ఈ జబ్బులో రక్తం పోయి ఐరన్ తగ్గిపోతుంది, ఒళ్లు చిక్కిపోతుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేపలు మెల్లగా మళ్లీ మొదలుపెట్టు. గోంగూర అంటే నీకు ప్రాణమని తెలుసు, అదీ తినొచ్చు, కారం తగ్గించి కొద్దికొద్దిగా.

మర్చిపోయాను, నీ నడుంనొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకు. వాటితో పేగు మళ్లీ రేగొచ్చు.

కష్టంగా ఉన్నా ఒక్క పని చెయ్యి. ఈసారి వెళ్లినప్పుడు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాయమని అడుగు. పైకి బాగున్నా లోపల వాపు ఉందో లేదో అందులో తేలుతుంది. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూసి డాక్టరే చెబుతారు. తోడు కావాలంటే నేనూ వస్తాను, ఏ రోజో చెప్పు చాలు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రాఘవ