పొగరు కొందరికే అడ్డమా?

బ్రిటన్ సాంస్కృతిక, మీడియా, క్రీడల మంత్రి లీసా నాండీ గారికి,

నమస్కారం. మీ నియోజకవర్గం విగన్‌కు దగ్గర్లోనే ఉంటున్న తెలుగువాణ్ణి. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఫుట్‌బాల్ తప్ప వేరే మాట వినపడదు. మొన్న ఇంగ్లండ్ మాజీ ఆటగాడు, నల్లజాతివాడైన సోల్ క్యాంప్‌బెల్ ప్రస్తావన వచ్చింది. అతనికి మేనేజర్ ఉద్యోగం, అంటే జట్టును నడిపే ప్రధాన కోచ్ పని, ఎందుకు రావడం లేదన్నది మాట. ఎదురుగా కూర్చున్నాయన టీలో బిస్కెట్ ముంచుకుంటూ, "అతనికి ఉద్యోగం రాకపోవడానికి కారణం రంగు కాదు, పొగరు" అన్నాడు. బిస్కెట్ విరిగి కప్పులో పడింది, చర్చ అక్కడితో ఆగింది. నాకు మాత్రం ఆగలేదు.

పొగరు లేదని నేననను. ఫుట్‌బాల్‌లోని గొప్ప బుర్రల్లో తనదీ ఒకటని 2018లో చెప్పుకున్నాడు. మావాళ్లు దాన్ని సొంత డబ్బా అంటారు. కానీ ఇంగ్లండ్‌కు 73 మ్యాచ్‌లు ఆడిన అదే మనిషి, అదే ఏడాది నవంబరులో, నాలుగో డివిజన్‌లో అట్టడుగున ఉన్న మాక్లెస్‌ఫీల్డ్‌కు మేనేజర్‌గా వెళ్లాడు. జీతాలు సమయానికి పడని క్లబ్ అది. సీజన్ ఆఖరి రోజున అది కింది స్థాయికి పడిపోకుండా గట్టెక్కించాడు. ఇంకెంత తగ్గాలి? ఆ తర్వాత సౌత్ఎండ్ క్లబ్‌లో చేతులెత్తేశాడు, నిజమే. దాంతో ఆ దారే మూసుకుపోయింది.

డబ్బా కొట్టుకోవడంలో తెల్లజాతి మేనేజర్ బ్రయన్ క్లఫ్‌ను మించినవారెవరు? ఆయనకు నాటింగ్‌హామ్ నడిబొడ్డున విగ్రహం పెట్టారు. తాను ప్రత్యేకమని 2004లో పోర్చుగల్ కోచ్ మౌరీనో చెబితే అదే ముద్దుపేరైంది. పోనీ, అణకువ ఉంటే కాపాడుతుందా? నల్లజాతి మేనేజర్ క్రిస్ హ్యూటన్ అంత నెమ్మదస్తుడు అరుదు. 2010లో న్యూకాజిల్ క్లబ్‌ను అన్నిటికంటే పై డివిజనైన ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. అదే డిసెంబరులో ఇంటికి పంపారు.

ఇంగ్లండ్ మాజీ ఆటగాడు, తెల్లజాతివాడైన గ్యారీ నెవిల్ మేనేజర్‌గా ఒక్క రోజు అనుభవం లేకుండానే 2015లో స్పెయిన్ క్లబ్ వాలెన్సియాలో కుర్చీ ఎక్కాడు. నాలుగు నెలలు నిలవలేదు. అతని మీద నాకేం కోపం లేదు. గెలవకపోతే ఎవరినైనా తీసేస్తారు. మీ విగన్ క్లబ్బే నల్లజాతివాడైన కోలో టూరేను 2022 నవంబరులో మేనేజర్‌గా తెచ్చుకుంది, తొమ్మిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదని రెండు నెలలు నిండకుండానే పంపేసింది. అదీ తప్పు పట్టను. నా గొడవల్లా రెండో పిలుపు ఎవరికొస్తుందన్నదే.

ఒకసారి ప్రమోషన్ ఇంటర్వ్యూ అయ్యాక నాకూ "ఇంకాస్త ఓపిక పట్టాలి" అన్నారు. ఏ విషయంలో అని అడిగితే జవాబు లేదు. పొగరు, ఓపిక లాంటి మాటలతో వచ్చే చిక్కే ఇది: కొలవడానికి ఏమీ ఉండదు.

ఖాళీ వచ్చినప్పుడు నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీల నుంచి కనీసం ఒకరిని ఇంటర్వ్యూకు పిలవాలని ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లలో నిబంధన ఉంది. అయితే అసలు అభ్యర్థుల జాబితానే తయారుచేయకుండా, ముందే అనుకున్న మనిషికి ఫోన్ చేస్తే అది వర్తించదు. 2025 చట్టంతో మీరు ఫుట్‌బాల్ క్లబ్బులకు నియంత్రణ సంస్థను తెచ్చారు కదా. మేనేజర్‌ను పెట్టిన ప్రతిసారీ ఎంతమందిని పిలిచారు, అందులో ఒకసారి ఉద్యోగం పోగొట్టుకున్న నల్లజాతి మేనేజర్లు ఎందరు, జాబితా లేకపోతే ఎందుకు లేదు అన్నది క్లబ్బులు రాసి బయటపెట్టేలా చేయించండి.

మీ నాన్నగారు కలకత్తా నుంచి వచ్చి, జాతి సమానత్వం కోసం పనిచేసే రన్నీమీడ్ ట్రస్ట్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. కాబట్టి ఈ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు విగన్ క్లబ్బునే అడిగి చూడండి.

ఇట్లు,
ఓ ఫుట్‌బాల్ అభిమాని