నాలుగు నెలల మంటను వేడి అనుకోవద్దు

కావలి

పాపా,

"వేడి చేసిందిలే అమ్మా, మజ్జిగ తాగితే తగ్గుద్ది" అన్నావు ఫోన్లో. ఎండాకాలం నీళ్లు తక్కువై మూత్రంలో మంట పుడితే, నీళ్లు తాగిన రెండు రోజులకు తగ్గాలి. నీకు కింద మంట మొదలై నాలుగు నెలలైంది. ప్యాడ్ తగిలినా, బస్సులో ఒంగోలు దాకా కూర్చున్నా, మీరిద్దరూ కలిసినా మండుతోందంటే అది వేడి కాదు.

ముందు నొప్పి ఎక్కడో చూసుకో. యోని అంటే లోపలి దారి. బయటి పెదవులు, లోపలి పెదవులు, మూత్రద్వారం, యోని ముఖం, ఇవన్నీ కలిపి వల్వా. చేతి అద్దం పెట్టుకొని, తడిపిన దూదిపుల్లతో తొడ నుంచి మొదలుపెట్టి లోపలికి మెల్లగా తాకుతూ రా. డాక్టరు చేసే పరీక్షా ఇదే. యోని ముఖాన్ని గడియారం అనుకుంటే, తాకితేనే నొప్పి పుట్టే రకంలో ఎక్కువగా కింది వైపు, 4 నుంచి 8 అంకెల మధ్య చురుక్కుమంటుంది. కొందరికి ఏమీ తగలకపోయినా వల్వా అంతా మండుతుంది. నీది ఏదో రాసుకో.

మందుల షాపులో ఇచ్చే క్రీముల మీదే నాకు కోపం. చాలావాటిలో బూజు (ఫంగస్) మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆపగానే మంట తిరిగొస్తుంది, మళ్లీ ట్యూబు కొంటాం. నెలల తరబడి పూస్తే గజ్జల్లో చర్మం పలచబడిపోతుంది. అసలు బూజే ఉంటే మంట కంటే దురద ఎక్కువ, విరిగిన పెరుగులాంటి తెల్లబట్ట అవుతుంది. అది చూపుతో తేలదు, స్రావం తీసి పరీక్ష చేయాలి. మాటిమాటికీ వస్తుంటే షుగర్ కూడా చూపించుకోవాలి.

చర్మం తెల్లగా, నలిగిన కాగితంలా పలచబడి, రాత్రిళ్లు దురద పెట్టి, చీలికలు పడితే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మ వ్యాధి కావచ్చు. దానికి బలమైన స్టెరాయిడే మందు, కానీ డాక్టరు చెప్పిన మోతాదులో. వదిలేస్తే పెదవులు కుంచించుకుపోతాయి, కొద్దిమందిలో క్యాన్సరుగా మారే ముప్పూ ఉంది. పాలిచ్చే తల్లులకు, ముట్లుడిగినవాళ్లకు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి అక్కడ పొడిబారి మండుతుంది. కూర్చుంటే పెరిగి, లేచి నిలబడితే తగ్గే నొప్పి, ఆ భాగానికి స్పర్శ తెలిసేలా చేసే ప్యుడెండల్ నరానిది కావచ్చు.

ఇవేవీ దొరక్కుండా 3 నెలలు దాటిన నొప్పిని వల్వోడినియా అంటారు. 2015లో నిపుణుల సంఘాలు ఒప్పుకున్న నిర్వచనం ఇదే. కాబట్టి "చూస్తే ఏమీ కనపడటం లేదు" అని డాక్టరు అంటే నీకు నొప్పి లేదని కాదు. నరాలు అతిగా స్పందించడం, కటి కండరాలు బిగుసుకోవడం కంటికి కనపడవు కదా. నొప్పికి భయపడి కండరం బిగుస్తుంది, బిగిసినందుకు నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే ఫిజియోథెరపీలో కండరాన్ని వదులు చేయడం నేర్పుతారు. బిగించే వ్యాయామాలు ఎవరైనా చెప్తే ఇప్పుడే చేయొద్దు. కలిసే ముందు పూసే, అక్కడ మొద్దుబారేలా చేసే లిడోకైన్ ఆయింట్‌మెంట్, రాత్రి పూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ మాత్ర డాక్టరు రాసివ్వొచ్చు. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మాత్రే, ఇక్కడ నరాల కోసం ఇస్తారు. పేరు చూసి కంగారు పడొద్దు.

ఈరోజు నుంచి డెట్టాల్, సబ్బు, వాష్, వాసన ప్యాడ్లు, రోజూ పెట్టుకునే లైనర్లు మానెయ్. వేపాకు నీళ్లు, పసుపు కూడా వద్దు. మంచివే అనుకుంటాం గానీ మండే చర్మానికి ఏదైనా ఎక్కువే. ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్దుకో. నూలు బట్టలే వేసుకో. ప్యాడ్ పెట్టుకునే ముందు వాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా రాసుకో.

పుండు, గడ్డ, నీటి పొక్కులు, నెలసరి కాని రక్తం కనపడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

లేకపోతే రెండు వారాల తర్వాత ఇక్కడికి రా, ఇద్దరం కలిసి నెల్లూరులో డాక్టరు దగ్గరికి పోదాం. ఈలోపు ఆ క్రీము ఆపెయ్, పూసుకొని పోతే పరీక్షలో బూజు దొరక్కపోవచ్చు. ఆపిన కొత్తలో మంట కాస్త పెరగొచ్చు, భయపడొద్దు. మరీ ఎక్కువైతే ఫోన్ చెయ్. వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకొని రా.

అమ్మ